చివరి తూము దగ్గర సున్నా

హైదరాబాదు,
3 జూన్ 2024

అత్తయ్యకు,

నమస్కారాలు. ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోనులో చెప్పలేని సంగతి కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. పోయిన నెల నీకు వాట్సాప్‌లో పెట్టిన నాలుగు ముక్కలు మూడో రోజుకల్లా నీటికబురు కంపెనీ లాయరు నోట్లో ఉన్నాయి. నీ ఫోను సరిచేసిపెట్టే పక్కింటి సాయి ప్రియ వాళ్ల నరసరావుపేట ఆఫీసులోనే పని చేస్తుందని నువ్వే ఒకసారి చెప్పావు. ఆ పిల్లను ఏమీ అనకు. ఇకమీదట మనకు పోస్టు డబ్బానే గతి.

నేను మస్తాన్‌రావు మీద పుస్తకం రాస్తున్నాను. అవును, మన కారంపూడి మస్తాన్‌రావే. నీటికబురు పెట్టి, కాలువ నీళ్లు మీ పొలానికి ఎన్ని గంటలకు చేరతాయో ఆరు రాష్ట్రాల రైతుల ఫోన్లకు చెబుతున్న మనిషి. ఈ ఏడాది కంపెనీ షేర్ మార్కెట్లోకి వెళుతోంది. పుస్తకానికి ఆయన ఒప్పుకోలేదు. తనవాళ్లెవరూ నాతో మాట్లాడకూడదని కూడా చెప్పాడు. ఒప్పుకోకపోతే మానాలని చట్టంలో లేదు. రాసిన ప్రతి మాటకూ రుజువుండాలి, అంతే.

ఆయన ప్రతి సభలో చెప్పే కథ నీకు తెలిసిందే. పంతొమ్మిదేళ్ల వయసులో కాలువ గట్టు మీద నలభై రోజులు కూర్చుని, గేటు ఎత్తాక ఏ తూముకు నీళ్లు ఎంతసేపట్లో వస్తాయో తనంతట తానే కనిపెట్టానంటాడు. వినేవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొడతారు. నేనూ ఒకసారి కొట్టాను.

కంపెనీలో మొట్టమొదట చేరిన జహీర్ అనే ఆయన పోయిన వారం నన్ను కలిశాడు. సంచిలోంచి జిరాక్సుల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "నలబై రోజులూ లేదు, ముప్పై రోజులూ లేదమ్మా. ఈ నోటుబుక్కు చూసే మేం కంప్యూటర్లోకి ఎక్కించాం" అన్నాడు. చూడగానే గుర్తుపట్టాను. అది జ్ఞానయ్య మామయ్య రాత. ఏడు అంకెకు నడుమ గీత పెట్టే అలవాటు నాకు బాగా గుర్తు. కాలువ గేట్లు చూసే లస్కరుగా సైకిలు మీద తిరుగుతూ, ఒక్కో తూము దగ్గర ఆగి, గేజీ రాయి మీద నీటిమట్టం చూసి పదకొండేళ్లు రాసుకున్న పుస్తకం అది.

మామయ్య పోయి ఏడేళ్లయింది. ఇన్నేళ్లలో ఒక్కడైనా ఆయన పేరెత్తాడా? నేను ఎత్తుతాను. అది ఆయన రాతేనని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. ఆ పుస్తకం మస్తాన్‌రావు చేతికి ఎలా వెళ్లిందో కూడా రాయి.

మోకాలు ఎలా ఉంది? ఆ డాబా మెట్లు ఎక్కడం మానమని ఎన్నిసార్లు చెప్పాలి?

నీ వందన


కారంపూడి,
11 జూన్ 2024

వందనమ్మకు,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీ ఉత్తరం నిన్న వచ్చింది. "ఏంది టీచరమ్మా, ఈ కాలంలో మీకు ఉత్తరమా?" అని పోస్టుమాన్ అరుగు మీద చతికిలబడ్డాడు, నేను విప్పి చదివితే గాని లేవనన్నట్టు. గ్లాసుడు మజ్జిగ ఇచ్చి పంపేశాను.

నీ అక్షరాలు ఇంకా కోడి గెలికినట్టే ఉన్నాయి. రెండో తరగతిలో నా చేతి దెబ్బలన్నీ వృథా అయిపోయాయి.

ఏడుకు నడుమ గీత పెట్టేది మీ మామయ్య ఒక్కడే కాదు. మిషను బడిలో చదివిన మా ఈడు వాళ్లందరూ అలాగే పెడతారు. నేనూ పెడతాను, మీ నాన్నా పెట్టేవాడు. అంకె చూసి మనిషిని పట్టుకోకు. నేను సంతకం పెట్టను.

కోపం తెచ్చుకోకుండా విను. మీ మామయ్యకు తన పేరు పదిమంది నోట్లో నానడం ఇష్టం లేదు. రిటైరైన రోజు ఫోటో తీస్తామంటే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్న మనిషి. ఇప్పుడు ఆయన సమాధిలో ఉన్నాడు గదా అని నువ్వు తువ్వాలు లాగేస్తావా?

మస్తాన్‌రావు ప్రతి క్రిస్మస్‌కూ వస్తాడు. మా సందులోకి కారు పట్టదు. మలుపు దగ్గర దిగి నడిచి వస్తాడు. కుర్చీ వేస్తే కూర్చోడు, మీ మామయ్య నులక మంచం మీదే కూర్చుంటాడు. టీ తాగుతాడు, వెళ్లిపోతాడు. ఎందుకు వస్తాడని అడుగుతావు. అడక్కు.

మొన్న ఇంకెవరో ఇద్దరు వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, చేతిలో ఫైలు. "మీ మేనకోడలు మీకేమన్నా కాయితాలు పంపిందా అమ్మా?" అన్నారు. పంపలేదన్నాను. అప్పటికి నీ ఉత్తరం రాలేదు గనక అబద్ధం కాదు. కానీ వాళ్లు పోయాక తలుపు గడియ పెట్టుకున్నాను.

ఈ పుస్తకం వదిలెయ్యమ్మా. రాయడానికి దేశంలో మనుషులే కరువయ్యారా?

మోకాలు అలాగే ఉంది. దోసావకాయ పెట్టాను. నడికుడిలో రైలెక్కి మీ వైపు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే పంపుతాను.

అత్తయ్య


హైదరాబాదు,
20 జూన్ 2024

అత్తయ్యా,

"వదిలెయ్యమ్మా" అన్న మాట నీది కాదు. సగం లెక్క చేసి లేచిన పిల్లను చెవి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టిన టీచరువి నువ్వు. ఆ ఇస్త్రీ చొక్కాల వాళ్లు ఇంకా ఏమన్నారో నాకు రాయలేదు నువ్వు.

పోయిన ఉత్తరంలో ఒక సంగతి దాచాను. ఇప్పుడు రాస్తున్నాను, కూర్చుని చదువు.

జహీర్ ఇచ్చిన జిరాక్సుల్లో ఒక పేజీ లేదు. 2005 నవంబరు పదమూడు ఉంది, పదిహేను ఉంది. నడుమ పుస్తకం కుట్టు పక్కన చిరిగిన అంచు మాత్రం నల్లగా పడింది. మిగతా పేజీల్లో తూముల పేర్లు లేవు, గుర్తులూ అంకెలే, ఏ గుర్తు ఏ తూముదో నాకు అంతుపట్టలేదు. పద్నాలుగో తారీఖు అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. చివరి తూముకు తొమ్మిది రోజులుగా చుక్క నీళ్లు రాలేదని నలభై మందితో సంతకాలు పెట్టించి నాన్న అర్జీ పట్టుకెళ్లిన రోజు. ఆఫీసరు రిజిస్టరు తెరిచి, రోజూ మూడడుగుల మట్టం ఉన్నట్టు అందరికీ చదివి వినిపించాడు. "రిజిస్టరు అబద్ధం చెబుతోందా జక్కయ్యా, నువ్వు చెబుతున్నావా?" అన్నాడట. వెనక నిలబడ్డ నలభై మందీ ఒక్కొక్కరే జారుకున్నారు. రెండు రోజులకు తూము తాళం ఎవరో పగలగొడితే ఆ కేసు నాన్న మీద పడింది. రెండేళ్లు గురజాల కోర్టు చుట్టూ తిరిగి, విసిగి, చెయ్యని తప్పు ఒప్పుకుని బయటపడ్డాడు. ఊరంతా ఆయనకు 'దొంగ అర్జీ జక్కయ్య' అని పేరు పెట్టింది. ముఖం చూపించలేక నాపరాయి గనుల్లోకి పోయాడు. నాలుగేళ్లకే ఆ దుమ్ము ఆయన ఊపిరి తీసింది.

అప్పుడు నేను ఇంటర్ చదువుతూ మీ ఇంట్లోనే ఉన్నాను. కాలేజీలో నన్ను 'దొంగ అర్జీ కూతురు' అని పిలిచారు. రుజువు లేకుండా ఒక్క అక్షరం రాయకూడదని నేను అప్పుడే అనుకున్నాను.

ఇప్పుడు ఆలోచించు. ఆ పేజీ అంటే ఎవరికి భయం? కాలువ ఎగువన మస్తాన్‌రావు నాన్న పున్నయ్య పొలం. గట్టు తవ్వి పైపులు దించి నీళ్లు తోడుకున్నాడని అప్పుడే అందరూ గుసగుసలాడారు. చివరి తూముకు నీళ్లు రాలేదని తేలితే, ఎటు పోయాయని అడుగుతారు. కొడుకు ఆ పేజీ చింపేసి తన తండ్రిని కాపాడుకున్నాడు, మిగతా పుస్తకంతో కంపెనీ కట్టుకున్నాడు. నా పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం ఇదే.

మామయ్య ఆ రోజుల్లో సైకిలు వేసుకుని ఏ తూముల వైపు పోయేవాడో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే. రిజిస్టరు ఆఫీసులో ఎవరో కూర్చుని అబద్ధాలు నింపుతుంటే, మామయ్య ఒక్కడు సొంత పుస్తకంలో నిజం రాసుకున్నాడు. అలాంటి మనిషి ఇంట్లో అన్నం తిన్నానని గర్వంగా ఉంది.

జూలై ముప్పైన పుస్తకం అచ్చుకు వెళుతుంది. ఈలోగా సంతకం పంపు.

వందన


కారంపూడి,
2 జూలై 2024

వందనమ్మకు,

మూడుసార్లు రాసి మూడుసార్లూ చించేశాను. ఇది నాలుగోది.

మస్తాన్‌రావు ఆ పేజీ చింపలేదు. ఆ మాట తీసెయ్యి. ఎలా తెలుసని అడుగుతావు. తెలుసు, అంతే. పున్నయ్య పైపులు దించిన మాట నిజం, అది రాసుకో. కొడుకు చింపాడన్నది మాత్రం నిజం కాదు.

ఇంకొకటి. పుస్తకం అతను ఎత్తుకుపోలేదు. మీ మామయ్య తన చేత్తో ఇచ్చాడు. ఇస్తూ, తన పేరు ఎక్కడా ఎత్తకూడదని ఆ పిల్లవాడితో బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాడు. అతను హిందువు గదా, ఆ ఒట్టు పట్టదని నేనంటే, "పుస్తకం ఏదైతే ఏంది, చెయ్యి నీదేగా" అని మీ మామయ్య అతనితో అన్నాడు. ఎందుకు వేయించుకున్నాడో నేను ఇప్పుడు రాయలేను.

ఆదివారం ప్రార్థన అయి గుడి నుంచి వచ్చేసరికి మస్తాన్‌రావు అరుగు మీద ఉన్నాడు. క్రిస్మస్ కాని రోజున రావడం ఇదే మొదలు. వాన పడుతోంది, తడిసిపోయి ఉన్నాడు. తువ్వాలు ఇచ్చాను. నులక మంచం మీద కూర్చుని తల తుడుచుకున్నాడు. లేచేటప్పుడు, "మీరు చెప్పేదాకా నేను నోరు తెరవనమ్మా. లాయర్లు మాత్రం నా మాట వినరు, ఆగరు" అన్నాడు. అతని ముఖం చూస్తే నాకు జాలేసింది.

జక్కయ్య నాకు సొంత అన్న. నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లినవాడు. ఆయన పేరు నిలబడాలని నాకు లేదనుకున్నావా? ఈ ఒక్క వాక్యం తీసెయ్యమని బతిమాలుతున్నాను. కారణం అడగకుండా తీసెయ్యి.

అత్తయ్య


హైదరాబాదు,
9 జూలై 2024

ఎస్తేరు గారికి,

మీ ఉత్తరం, కంపెనీ లాయరు నోటీసు ఒకే రోజు అందాయి. రెండిట్లోనూ ఒకటే మాట. మస్తాన్‌రావు పేజీ చింపలేదు, ఆ వాక్యం తీసెయ్యండి. లాయరు పదిహేను రోజుల గడువిచ్చాడు. మీరు అదీ ఇవ్వలేదు.

నా పుస్తకం వేసే ప్రచురణకర్త నోటీసు చదివి రెండు రోజులుగా ఫోను ఎత్తడం లేదు. ఆయన భయపడటంలో వింత లేదు, ఆయనకు మా నాన్న ఎవరో తెలియదు. మీకు తెలుసు.

"మీరు చెప్పేదాకా నోరు తెరవను" అన్నాడట. ఎంత మర్యాదగా బెదిరించాడండీ! తడిసిన బట్టలతో వచ్చి మంచం మీద కూర్చుంటే మీకు జాలేసింది. నాన్న తడిసిన బట్టలతో గురజాల బస్సు దిగి మీ గుమ్మంలో నిలబడ్డ రోజులు నాకు గుర్తున్నాయి. అప్పుడు మీరు తువ్వాలు ఇచ్చారో లేదో గుర్తు లేదు. ఆయన వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోవడం మాత్రం గుర్తుంది. ఇన్నేళ్లూ అది దుఃఖమనుకున్నాను.

మీరు నన్ను పెంచారు. కాదనను. అందుకే ఈ మాట ఒకసారి కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. మిమ్మల్ని వాళ్లు కొన్నారో, భయపెట్టారో, ఆ క్రిస్మస్ మర్యాదలకు మీరే లొంగిపోయారో నాకు తెలియదు. నా దగ్గర చిరిగిన అంచు ఉంది, చింపడానికి కారణమున్న మనిషి ఉన్నాడు. మీ దగ్గర 'తెలుసు, అంతే' తప్ప ఏమీ లేదు.

రుజువుంటే పంపండి. లేకపోతే జూలై ముప్పైన తొమ్మిదో అధ్యాయం ఒక్క అక్షరం మారకుండా అచ్చుకు వెళుతుంది. ఆ తరువాత కోర్టుకెళ్లినా, జైలుకెళ్లినా నేనే వెళతాను. మా వంశానికి అది కొత్త కాదు.

వందన


కారంపూడి,
16 జూలై 2024

వందనమ్మకు,

'ఎస్తేరు గారికి' అని చదివి ఉత్తరం మడిచి డబ్బాలో పెట్టాను. సాయంత్రం మళ్లీ తీసి మొత్తం చదివాను. నువ్వు రాసినదాంట్లో ఒక్కటే తప్పు. నన్ను ఎవరూ కొనలేదు.

ఆ పేజీ చింపింది నేను.

ఇందులోనే పెట్టాను, చూడు. పద్దెనిమిదేళ్లుగా నా బైబిల్లో కీర్తనల దగ్గర ఉంది. కాలుద్దామని రెండుసార్లు పొయ్యి దాకా తీసుకెళ్లాను. ఆయన రాత కదా, చేతులు రాలేదు. అందులో ఏముందో నేనూ ఇక్కడ రాస్తాను, నీ కళ్లు నమ్మకపోతే రెండుసార్లు చదువుకోవచ్చు.

"14-11-2005, సోమవారం. చివరి తూము గేజీ సున్నా. ఇది తొమ్మిదో రోజు. ఫోనులో మూడడుగులు రాయమన్నారు. రాశాను. బావ చెప్పింది నిజం. నేను రాసింది అబద్ధం."

రిజిస్టరు ఆఫీసులో ఎవరో కూర్చుని నింపారనుకున్నావు. రిజిస్టరు రాసేది లస్కరే. ఆ రోజుల్లో ఈ కాలువ మీద ప్రతి లస్కరుకూ రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి ఆఫీసు పుస్తకం. పైనుంచి ఏ అంకె చెబితే ఆ అంకె అందులో రాయాలి. రెండోది సొంత పుస్తకం. గేటు ఎంత ఎత్తాలో తెలియాలంటే నిజం ఎక్కడో ఒకచోట ఉండాలి గదా, అందుకు. అందరూ చేసేవాళ్లు, ఎవరూ తప్పనుకునేవాళ్లు కాదు. ఆ ఏడాది చివరి తూములు మీ మామయ్య వంతుకు వచ్చాయి. మీ నాన్న ముఖం మీద తెరిచి చదివిన రిజిస్టరులో ఉన్నది మీ మామయ్య చేతిరాత. అన్న అది గుర్తుపట్టాడు. చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడితో అయిపోతే మీ మామయ్యదే తప్పని నువ్వు అనుకుంటావు. ఆగు.

తరువాతి జనవరిలో కేసు మొదటి వాయిదా. ఆ పొద్దున మీ మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సొంత పుస్తకం సంచిలో పెట్టుకుని, నాకు చెప్పకుండా గురజాల బస్సెక్కాడు. జడ్జి ముందు నిలబడి చెప్పేస్తానని. నాకు తెలిసి స్టాండుకు పరిగెత్తాను. బస్సు కదలబోతోంది. కండక్టరు టికెట్టు కొట్టబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. "నౌకరీ పోద్ది, క్వార్టరు పోద్ది, నిన్ను కూడా లోపలేస్తారు. మా అన్నకి కేసు ఒక్కటే, మనకి కొంపే పోద్ది. దిగు!" అని అందరి ముందూ అరిచాను. ఆయన నా వైపు చూసి, సంచి గుండెకు హత్తుకుని, దిగాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. ఇంటికొచ్చాక దాన్ని నేనే కుట్టాను.

నువ్వు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నావు. నిన్ను చదివించడానికే ఆపానని చెప్పుకుందామని ఎన్నోసార్లు అనుకున్నాను. అది అబద్ధం. నేను భయపడి ఆపాను. అన్న మా గుమ్మంలో నిలబడితే ముఖం చూడలేక లోపలికి పోయేదాన్ని.

ఆ ఎండాకాలంలో మస్తాన్‌రావు వచ్చి పుస్తకం అడిగాడు. ఆయన ఇస్తానన్నాడు. ఇచ్చే ముందు వంటింట్లో నేను ఆ పేజీ చింపుతుంటే, మస్తాన్‌రావు మంచినీళ్లకని వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. ఏమీ అడగలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వు దొంగ అంటున్నది ఆ మనిషిని.

ఇప్పుడు రుజువు నీ చేతిలో ఉంది. నన్ను ఏం చేసినా సరే. అతను చింపాడని మాత్రం రాయకు.

ఎస్తేరు


హైదరాబాదు,
24 జూలై 2024

ఉత్తరం అందింది. పేజీ అందింది.

ఎలా పిలవాలో తెలియక ఏమీ రాయకుండా మొదలుపెట్టాను.

నాలుగు రోజులు ఇల్లు కదల్లేదు. ఆ పేజీ చదివినప్పుడల్లా నాన్న గెలిచినట్టూ ఉంటుంది, మళ్లీ చచ్చిపోయినట్టూ ఉంటుంది. ఊళ్లో అంతమంది ఆయన్ని దొంగ అంటుంటే, కాదని తెలిసినవాళ్లు ఇద్దరున్నారు. ఆ ఇద్దరి కంచంలో నేను అన్నం తిన్నాను. రోజూ రాత్రి మామయ్య నా పక్కన కూర్చుని ముద్దలో నెయ్యి వేసేవాడు. ఎందుకంత ప్రేమో అనుకునేదాన్ని.

కోపం వస్తోంది. కోపం వచ్చిన వెంటనే మీ మోకాలు గుర్తొస్తోంది. ఇదేం ఖర్మో నాకు అర్థం కావడం లేదు.

ప్రచురణకర్తతో మాట్లాడాను. తొమ్మిదో అధ్యాయం మొత్తం తీసేయమన్నాను. ఆయన ఎగిరి గంతేశాడు. పేజీలు మళ్లీ కూర్చాలని అచ్చు ఆగస్టు నెలాఖరుకు జరిపాడు. ఇప్పుడు నా పుస్తకంలో మామయ్య లేడు, నాన్న లేడు, మీరు లేరు. నలభై రోజుల గట్టు కథ అలాగే ఉంటుంది. లాయర్లు నోటీసు వెనక్కి తీసుకుంటారు. మస్తాన్‌రావు చప్పట్లు ఆయనకుంటాయి. నిజం రాస్తే అది మీ మీదే పడుతుంది. డెబ్బై ఏళ్ల వయసులో చర్చిలో మీ వెనక ఎవరో గుసగుసలాడుతుంటే నేను హైదరాబాదులో కూర్చుని పేరు సంపాదించలేను. నాకు చేతకాదు.

పేజీ తిప్పి పంపుతున్నాను. మీ బైబిల్లోనే ఉండనివ్వండి. ఇన్నేళ్లూ ఉన్నట్టే.

వందన


కారంపూడి,
6 ఆగస్టు 2024

వందనమ్మకు,

పేజీ తిప్పి పంపావు. కవరు విప్పి చూసుకుని కాసేపు ఏడ్చాను. తరువాత ఒళ్లు మండింది. నేను ఒకసారి దాచాను, అది పాపం. ఇప్పుడు నువ్వు దాస్తావా? నా కోసమా? నిన్ను ఇందుకా చదివించింది?

సోమవారం పొద్దున తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, ఆ పేజీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని స్టాండుకు పోయాను. గురజాల బస్సెక్కి రెండు టికెట్లు తీసుకున్నాను. కిటికీ పక్క సీటు, ఆ రోజు ఆయన కూర్చున్న వైపే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని లాగలేదు. లాగడానికి ఇంట్లో ఎవరున్నారు?

కోర్టు బయట బల్ల వేసుకుని కూర్చున్న నోటరీ ప్లీడరు దగ్గర అంతా చెప్పి రాయించాను. రెండు పుస్తకాల సంగతి, ఫోనులో చెప్పిన మూడడుగులు, బస్సులోంచి ఆయన్ని నేను దించింది, పేజీ చింపింది, అన్నీ. ఆయన రాస్తూ రాస్తూ కలం ఆపి, "ఇది నీ మీదికే వచ్చిద్దేమో మామ్మా, ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించుకునే వచ్చాను, రాయి నాయనా అన్నాను.

ఆ కాగితం, పేజీ జిరాక్సు పట్టుకుని లోపల ఆఫీసులో ఇచ్చాను. అక్కడి క్లర్కు మంచివాడే. పాత పుస్తకాలు తిరగేసి నంబరు వెతికాడు. "కేసు ఎప్పుడో మూసేశారమ్మా. ముద్దాయి కూడా పోయాడంటున్నావు. ఇప్పుడిది తీసుకుని ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"ఏం చెయ్యొద్దు. ముద్దాయి పోయినా సాక్షి వచ్చిందని తీసుకో. మొదటి వాయిదాకి రావాల్సిన సాక్షి. ఆలస్యమైంది" అన్నాను.

ఆ అబ్బాయి నా ముఖం వంక చూసి కాగితం తీసుకున్నాడు. నా దగ్గరి నకలు మీద ముద్ర కొట్టి తారీఖు వేసి ఇచ్చాడు. వాడు తాగే టీ నాకు ఇచ్చాడు. అప్పటిదాకా నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి మస్తాన్‌రావుకు ఫోను చేశాను. సాయి ప్రియ ఫోనుతోనే, ఆ పిల్ల పక్కనుండగానే. "నీ ఒట్టు ఇవాళ్టితో తీరింది నాయనా, ఇక ఆయన పేరు చెప్పొచ్చు" అన్నాను. అతను, "ఒట్టు పేరు చెప్పొద్దనే వేయించుకున్నాడమ్మా. నలబై రోజులని చెప్పమనలేదు. అది నేనే కల్పించా. చప్పట్లు కొట్టేసరికి మానలేకపోయా" అన్నాడు. లాయర్లకు తానే చెబుతానన్నాడు. ఈ మాటలన్నీ పుస్తకంలో రాయి. అతన్ని దొంగని చెయ్యకు, దేవుణ్ణీ చెయ్యకు.

మొన్న ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, అందరి ముందూ ఇదే చదివాను. నాకు ముందు వరసలో కూర్చున్న ఇద్దరు లేచి వెళ్లిపోయారు. స్త్రీల కూడికకు ఈ వారం నన్ను పిలవలేదు. బాధగానే ఉంది. అర్జీ మీద సంతకం పెట్టి జారుకున్నవాళ్లలో ఒక ముసలాయన మాత్రం బయట చెప్పులేసుకుంటూ నా దగ్గరికొచ్చి, "జక్కయ్య నిజమే చెప్పాడు టీచరమ్మా, మాకూ తెలుసు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకూ ఇన్నేళ్లు పట్టింది.

ముద్ర పడిన నకలు ఇందులో పెట్టాను. ఇది ఇక నీదీ కాదు, నాదీ కాదు. నువ్వు దాచినా దాగదు. తొమ్మిదో అధ్యాయం మళ్లీ రాయి. పేజీ చింపింది ఎస్తేరు అని నా పేరుతోనే రాయి. మీ నాన్న పేరు పక్కన 'దొంగ' అన్న మాట ఎక్కడా రానివ్వకు. అక్షరాలు కాస్త గుండ్రంగా ఉండేట్టు చూసుకో.

నన్ను ఏమని పిలవాలో నీ ఇష్టం. తొందరేమీ లేదు.

ఒకటి మర్చిపోయాను. కారంపూడి నుంచి గురజాల బస్సు టికెట్టు కూడా ఇందులోనే పెట్టాను. చిన్న కాగితం, జారిపోతుందేమో, జాగ్రత్తగా విప్పు. అది మీ మామయ్యది. ఆ రోజు నేను కొననివ్వలేదు.

ఎస్తేరు